సీమాస్ రీసెట్ చేశాక విండోస్ రావట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది చూడండి

రెండో, మూడో తరం ఐ3, ఐ5 ప్రాసెసర్లతో వచ్చిన హెచ్61 తరహా బోర్డుల గురించి చెబుతున్నాను. క్యాబినెట్ విప్పడం, ర్యామ్ తీసి పెట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

కొత్త ర్యామో, గ్రాఫిక్స్ కార్డో పెట్టాక ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే లేదు

కొత్తది తీసేసి, పాత ర్యామ్‌ను ఎరేజర్‌తో రుద్ది పెట్టి చూడండి. కార్డు పెట్టినవాళ్లు మానిటర్ కేబుల్‌ను బోర్డు నుంచి కార్డుకి మార్చారో లేదో చూసుకోండి. నవ్వకండి, ఈ ఒక్కటి చూడకుండా షాపుకి మోసుకొచ్చేవాళ్లు చాలామంది.

అప్పటికీ రాకపోతే సీమాస్ రీసెట్, అంటే బోర్డులో దాచి ఉన్న బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు చెరిపేయడం. పవర్ కేబుల్ ఉండగా బోర్డు మీది గుండ్రటి సెల్ తీస్తే లాభం లేదు. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది, సెట్టింగులు చెరగవు. కేబుల్ పీకేసి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి, అప్పుడు సెల్ తీసి 5 నిమిషాలు ఆగండి. సెల్ బదులు జంపర్‌తో (బోర్డు పిన్నుల మీది చిన్న క్లిప్పు) చేస్తే దాన్ని మళ్లీ పాత చోట పెట్టండి.

రీసెట్ తర్వాత డిస్‌ప్లే వచ్చింది, విండోస్ లోగో దగ్గర బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతోంది

అసలు తిప్పలు పెట్టేది ఇదే. బయోస్‌లో హార్డ్‌డిస్క్ పేరు చక్కగా కనిపిస్తుంది. దాంతో అందరూ కొత్త ర్యామ్ మీదో, విండోస్ మీదో పడతారు, చివరికి ఫార్మాట్ కొట్టేస్తారు. విండోస్ 7లో ఎఫ్8 నొక్కి ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపితే, బ్లూ స్క్రీన్ మీద కోడ్ చివర 7బి కనిపిస్తుంది. విండోస్ 10లో అయితే ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని వస్తుంది.

కారణం సాటా మోడ్, అంటే బోర్డు హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి. ఐడీఈ పాతది, ఏహెచ్‌సీఐ కొత్తది. మీ విండోస్ ఏహెచ్‌సీఐలో ఇన్‌స్టాల్ అయి ఉంటుంది. రీసెట్‌తో చాలా పాత బోర్డులు ఐడీఈకి వెళ్లిపోతాయి. బూట్ సమయంలో విండోస్ తనకు అలవాటైన మోడ్ డ్రైవర్‌నే లోడ్ చేస్తుంది కాబట్టి, మోడ్ మారితే తానున్న డిస్కునే చదవలేదు.

బయోస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐ చేసి, ఎఫ్10తో సేవ్ చేయండి. ముందే ఏహెచ్‌సీఐ ఉంటే ఐడీఈ పెట్టి చూడండి. కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు రెయిడ్ అనే మూడో మోడ్‌తో వచ్చేవి, అది కూడా ప్రయత్నించండి. ఐడీఈ, ఏహెచ్‌సీఐ మధ్య మారిస్తే డేటా పోదు, టెన్షన్ అక్కర్లేదు. స్టార్టప్ రిపేర్ మాత్రం పదేపదే నడపకండి, దానితో ఇది తేలదు.

ఐడీఈలో ఉన్న విండోస్ 10ని ఎస్ఎస్‌డీ కోసం ఏహెచ్‌సీఐకి మార్చాలంటే, ఎంఎస్‌కాన్ఫిగ్‌లో (విండోస్ బూట్ సెట్టింగుల టూల్) సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. విండోస్‌లోకి వెళ్లనివ్వకుండా బయోస్‌లో మోడ్ మార్చండి. సేఫ్ మోడ్‌లోకి వచ్చాక టిక్ తీసేయండి.

ఒకసారి సరిచేశాక బాగానే నడిచి, రాత్రి గోడ దగ్గర స్విచ్ ఆపితే పొద్దున మళ్లీ బ్లూ స్క్రీన్ వస్తోందా? తేదీ చూడండి. ఏళ్లు వెనక్కి పోయి ఉంటే సెల్ అయిపోయింది. రోజూ మోడ్ మార్చుకుంటూ కూర్చోకండి, సీఆర్2032 కొత్తది వేయండి. మల్టీమీటర్ ఉంటే కొలవండి, మంచి సెల్ 3 వోల్టులు చూపిస్తుంది.

బూట్ డివైస్ ఎంచుకోమని నల్ల స్క్రీన్ మీద మెసేజ్

బూట్ ఆర్డర్‌లో విండోస్ డిస్కును పైకి తెండి. కుదరకపోతే లెగసీ, యూఈఎఫ్ఐ (పాత, కొత్త బూట్ పద్ధతులు) మార్చి చూడండి.

బయోస్ చిప్ పోవడం, సాటా పోర్టు కాలిపోవడం అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.