రద్దు చేసిన సర్టిఫికెట్ నిజంగా రద్దయిందా? ఓపెన్‌వీపీఎన్‌లో సరిచూసుకునే పద్ధతి

భోగి ముందు రోజు పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. పండక్కి ఊళ్లకు వెళ్లినవాళ్లు ఇంటి నుంచే ఆఫీసు పని ముగించుకోవాలని చూస్తున్నారు, ఒక్కరికీ లాగిన్ కావడం లేదు. బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి (వీపీఎన్) ఇచ్చే మా ఓపెన్‌వీపీఎన్ సర్వర్ నడుస్తోంది. ఎవరి సర్టిఫికెట్‌కూ, అంటే లోపలికి రావడానికి ఇచ్చే డిజిటల్ గుర్తింపు పత్రానికి, గడువు తీరలేదు. లాగ్ తెరిచి చూస్తే గడువు తీరింది రద్దు చేసిన సర్టిఫికెట్ల జాబితాకు, అంటే సీఆర్ఎల్‌కు. జూలైలో ఒక ఉద్యోగి మానేసినప్పుడు నేనే తయారుచేసిన జాబితా అది. సర్టిఫికెట్లు తయారుచేసే ఈజీ-ఆర్‌ఎస్‌ఏ అనే సాధనం దానికి మామూలుగా 180 రోజుల గడువు పెడుతుంది. ఆ రోజులు సరిగ్గా సంక్రాంతికి ముందు నిండాయి. జాబితా పాతబడితే ఓపెన్‌వీపీఎన్ అందరినీ ఆపేస్తుంది. అలా ఆపడమే సరైనదని నేను నమ్ముతాను. ఆ తేదీని గుర్తు పెట్టుకోవలసిన బాధ్యత నాది.

కొత్తగా ఏర్పాటు చేసేవాళ్లు ముందు సర్టిఫికెట్లు ఇచ్చే యంత్రాన్ని వీపీఎన్ సర్వర్ నుంచి వేరు చేయండి. సంతకం చేసే కీ సర్వర్‌లోనే ఉంటే, సర్వర్‌లోకి చొరబడినవాడు తనకు కావలసిన సర్టిఫికెట్ తానే రాసుకుంటాడు. నేను ఒక పాత ల్యాప్‌టాప్‌ను నెట్‌వర్క్‌కు కలపకుండా ఇందుకోసమే ఉంచాను.

సర్టిఫికెట్ మనిషికి ఒకటి కాదు, పరికరానికి ఒకటి ఇవ్వండి. పేరులో పరికరం కూడా కనిపించాలి: 'లక్ష్మి-ల్యాప్‌టాప్', 'లక్ష్మి-ఫోను' అన్నట్టు. రద్దు జాబితాలోకి ఎక్కేది పేరు కాదు, క్రమసంఖ్య. ఒకే పేరుతో రెండు సర్టిఫికెట్లు తిరుగుతుంటే మీరు ఒకటి రద్దు చేసి నిశ్చింతగా ఉంటారు, రెండోది హాయిగా పనిచేస్తూ ఉంటుంది.

సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైలులో 'సీఆర్ఎల్-వెరిఫై' అనే వరుస రాసి, పక్కన జాబితా ఫైలు దారి ఇవ్వండి. ఈ వరుస లేకపోతే మీరు ఎన్ని సర్టిఫికెట్లు రద్దు చేసినా సర్వర్‌కు తెలియదు. 'రిమోట్-సెర్ట్-టీఎల్ఎస్ క్లయింట్' అనే వరుస కూడా చేర్చండి, క్లయింటు కోసం ఇచ్చిన సర్టిఫికెట్ కానిదాన్ని అది ఒప్పుకోదు. ఒకసారి సర్వర్‌ను ఆపి మళ్లీ నడపండి. తర్వాత జాబితా మారినప్పుడల్లా ఆపనక్కరలేదు, ఫైలు మారిన సంగతిని ఓపెన్‌వీపీఎన్ తానే గమనిస్తుంది.

అనుమతుల విషయం కాస్త ఓపికగా చదవండి. సర్వర్ మొదలయ్యేటప్పుడు రూట్‌గా, అంటే పూర్తి అధికారంతో ఉంటుంది, అప్పుడు జాబితాను చక్కగా చదువుతుంది. ఆ తర్వాత కాన్ఫిగరేషన్‌లో చెప్పినట్టు 'నోబడీ' వంటి అధికారం లేని ఖాతాకు మారుతుంది. ఫైలు ఉన్న ఫోల్డర్‌లోకి ఆ ఖాతాకు ప్రవేశం లేకపోతే, మీరు పెట్టిన కొత్త జాబితా దానికి కనబడదు. లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి, పాత జాబితాతోనే నడిచిపోతుంది. నిన్న రద్దయిన మనిషి ఈ రోజు లోపలికి వస్తాడు, ఎవరికీ అనుమానం రాదు. అందుకే జాబితాను కీలు దాచే ఫోల్డర్‌లో కాకుండా అందరూ చదవగల వేరే ఫోల్డర్‌లో, 644 అనుమతితో (యజమాని రాయగలడు, మిగతావాళ్లు చదవగలరు) పెట్టండి. అందులో రహస్యమేమీ లేదు.

ఎవరైనా మానేసినా, ల్యాప్‌టాప్ పోయినా: ఈజీ-ఆర్‌ఎస్‌ఏలో ఆ పేరుతో 'రివోక్' ఆజ్ఞ ఇవ్వాలి, వెంటనే 'జెన్-సీఆర్ఎల్' ఇవ్వాలి. చాలామంది మొదటిది చేసి ఆగిపోతారు. తయారైన ఫైలును సర్వర్‌లోకి వేరే పేరుతో చేర్చి, ఆ తర్వాత అసలు పేరుకు మార్చండి. సగం రాసిన ఫైలును సర్వర్ చదివే ప్రమాదం ఉండదు.

అప్పటికే లోపల ఉన్న మనిషి వెంటనే బయటికి పోడు. సర్వర్, క్లయింటు తమ మధ్య కీలను మళ్లీ కొత్తగా కుదుర్చుకునే సమయం వచ్చినప్పుడే సర్వర్ సర్టిఫికెట్‌ను తిరిగి చూస్తుంది, ఆ వ్యవధి మామూలుగా 3600 సెకన్లు. పోయిన ల్యాప్‌టాప్‌కు గంట వ్యవధి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. నడుస్తున్న సర్వర్‌కు ఆజ్ఞలిచ్చే మేనేజ్‌మెంట్ పోర్టును 127.0.0.1 మీద, అంటే ఆ యంత్రం లోపలి నుంచి మాత్రమే అందేలా తెరిచి ఉంచి, 'కిల్' ఆజ్ఞతో ఆ పేరును తెంచేస్తాను. మళ్లీ కలవబోతే కొత్త జాబితా ఆపుతుంది.

ఓసీఎస్పీ, అంటే ఒక్కో సర్టిఫికెట్ రద్దయిందో లేదో అప్పటికప్పుడు అడిగి తెలుసుకునే పద్ధతి, పెట్టాలా అని అడుగుతుంటారు. ఇంత చిన్న నెట్‌వర్క్‌కు అవసరం లేదు. వెబ్‌సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సైతం 2025లో ఓసీఎస్పీ సేవను ఆపి, జాబితాలకే వచ్చింది.

ఇక గడువు. సర్టిఫికెట్లను, జాబితాలను విప్పి చూపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాధనంలో 'సీఆర్ఎల్' ఆజ్ఞకు 'నెక్స్ట్‌అప్‌డేట్' అని చేరిస్తే ఆ తేదీ కనిపిస్తుంది. సర్వర్ రోజూ ఆ తేదీ చూసి, 30 రోజులకంటే తక్కువ ఉంటే నాకు మెయిల్ పంపుతుంది. ఎవరూ మానేయకపోయినా రెండు నెలలకొకసారి కొత్త జాబితా తయారుచేస్తాను.

చివరిగా, 'పరీక్ష-రద్దు' అనే పేరుతో ఒక సర్టిఫికెట్ చేసి, రద్దు చేసి, దాన్ని పారేయకుండా దాచుకున్నాను. ప్రతి నెల మొదటి సోమవారం దానితో లాగిన్ కావడానికి ప్రయత్నిస్తాను. లాగ్‌లో ఆ సర్టిఫికెట్ రద్దయిందన్న వరుస నా కళ్లతో చూశాకే మిగతా పని మొదలుపెడతాను.