ట్యాగ్ వేసే ముందే నోట్సు

బెంగళూరులో శని, ఆదివారాలు కూర్చుని సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడిపే మన తెలుగు బృందాలు ట్యాగ్ (విడుదల చేసే కోడ్‌కు పెట్టే వెర్షన్ గుర్తు) వేశాక గానీ రిలీజ్ నోట్సు (ఆ విడుదలలో ఏం మారిందో వాడేవాళ్లకు చెప్పే పత్రం) మొదలుపెట్టవు. ప్రతి మార్పూ మెర్జ్ చేసేటప్పుడే, అంటే అసలు కోడ్‌లో కలిపేటప్పుడే, ఛేంజ్‌లాగ్‌లో (మార్పుల జాబితాలో) ఒక వాక్యం రాయించండి. గిట్ లాగ్ (కోడ్ మార్చినప్పుడల్లా డెవలపర్లు రాసుకునే చిట్టా) ఉన్నదున్నట్టు అతికిస్తే వాడేవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు.

అన్నిటికన్నా పైన రాయాల్సింది: పాతవాటిలో ఏది ఇక పనిచేయదు, ఏం మార్చుకోవాలి. సెమాంటిక్ వెర్షనింగ్‌లో (మార్పు ఎలాంటిదో వెర్షన్ అంకెలే చెప్పే పద్ధతిలో) 2.4.1 తర్వాత 3.0.0 వచ్చిందంటే పాత కోడ్ ఆగిపోవచ్చనే. పాత కమాండ్, కొత్త కమాండ్ పక్కపక్కనే చూపండి. డాక్యుమెంటేషన్‌నూ వెర్షన్లవారీగా ఉంచండి, లేకపోతే 2.4 వాడేవాళ్లు 3.0 పేజీ చదివి, లేని బగ్ మీద ఫిర్యాదు పెడతారు.

ఆదివారం రాత్రి విడుదల వద్దు. సోమవారం సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ప్యాచ్ (తప్పు సరిదిద్దే చిన్న మార్పు) ఎవరు చేస్తారు? శనివారం ఉదయం 10కి, అంటే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 04:30కి, వదలండి.