చేతిలో ఇమిడే ఫోన్ తక్కువ ధరకు కావాలంటే: సెకండ్ హ్యాండ్‌లో మోసపోకుండా కొనడం ఎలా?

"చేతిలో ఇమిడేది, మరీ ధర లేనిది ఒకటి చూసిపెట్టు" అని చుట్టాల్లో ఎవరు అడిగినా ఆ పని నా దగ్గరికే వస్తుంది. కొత్తది కొందామని షాపుకు వెళ్తే 15 వేల లోపు ఫోన్లు దాదాపు అన్నీ 6.6 అంగుళాలు, ఆపైన ఉన్న పలకలే. చిన్నవి అని పేరు పెట్టి 2025లో తెచ్చిన వన్‌ప్లస్ 13ఎస్, వివో ఎక్స్200 ఎఫ్‌ఈ కూడా 6.3 అంగుళాలవి, ధరేమో 54,999 దగ్గర మొదలైంది. ఆపిల్ 2021 నాటి ఐఫోన్ 13 మినీ తర్వాత మళ్లీ మినీ తీయలేదు. 2025లో తన చవక మోడల్ ఎస్‌ఈ స్థానంలో 16ఈ తెచ్చింది. అది 6.1 అంగుళాలు, వచ్చినప్పుడు ధర 59,900 రూపాయలు.

చిన్న ఫోన్లు ఎవరూ కొనరనే మాట చాలాసార్లు విన్నాను. నేను ఒప్పుకోను. 12 మినీని మన దగ్గర 69,900కి పెట్టారు. నా దగ్గరికి వచ్చి చిన్నది అడిగేవాళ్లు చవకది కూడా కావాలనేవాళ్లే. మా అమ్మ, ఆమె ఈడువాళ్లు, బస్సులో ఒక చేత్తో రాడ్ పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ ఎత్తాల్సిన ఆడపిల్లలు, చొక్కా జేబులో పెట్టుకుని పనికి పోయేవాళ్లు. 70 వేలు వీళ్లెక్కడ పెడతారు? అందుకే వీళ్లకు మిగిలిన దారి సెకండ్ హ్యాండ్. ఆ దారిలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను, అందరూ చేసింది ఒకటే తప్పు. నాలుగో అడుగులో దాని గురించి వివరంగా రాశాను. అది మాత్రం వదలకుండా చదవండి.

1. స్కేలుతో కొలవండి

అంగుళాల లెక్క తెరకు మూల నుంచి మూలకు కొలిచేది. చేతికి కావాల్సింది వెడల్పు. ఐఫోన్ ఎస్‌ఈ 2020 తెర 4.7 అంగుళాలే అయినా ఫోన్ వెడల్పు 67.3 మిల్లీమీటర్లు. 13 మినీ తెర 5.4 అంగుళాలు, వెడల్పు మాత్రం 64.2. తెర పెద్దది, ఫోన్ సన్నం. మీకు చేతిలో సుఖంగా ఉండిన పాత ఫోన్‌ను స్కేలుతో కొలిచి ఆ అంకె రాసుకోండి. నా లెక్కలో 71 మిల్లీమీటర్లు దాటితే అది చిన్న ఫోన్ కాదు. కవరు వేస్తే ఇంకో రెండు మూడు కలుస్తాయి, అదీ చూసుకోండి.

2. మోడల్ ఎంచుకోండి

డబ్బు కాస్త పెట్టగలిగితే 13 మినీ. ఆండ్రాయిడే కావాలంటే శామ్‌సంగ్ ఎస్23: వెడల్పు 70.9, బరువు 168 గ్రాములు. 2023లో వచ్చినప్పుడే ఐదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. ఫోన్ కాల్స్, వాట్సాప్, యూపీఐ తప్ప ఇంకేమీ వద్దనేవాళ్లకు ఎస్‌ఈ 2020 చాలు, కానీ అందులో 5జీ లేదు. 5జీ కావాలంటే 12 మినీ నుంచి చూడండి.

శామ్‌సంగ్ ఎస్10ఈ, గూగుల్ పిక్సెల్ 4ఏ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ధర కూడా తక్కువే పలుకుతుంది. వాటి జోలికి పోవద్దు. అప్‌డేట్లు ఆగిపోయాయి. బ్యాంకు యాప్‌లు ఒక్కొక్కటే పాత ఆండ్రాయిడ్‌ను వదిలేస్తూ వస్తాయి. పిక్సెల్ 4ఏకి 2025 జనవరిలో వచ్చిన అప్‌డేట్‌తో చాలా ఫోన్లలో బ్యాటరీ నిలిచే సమయం తగ్గిపోయింది కూడా.

3. ఎవరి దగ్గర కొనాలి?

వాడిన మనిషి దగ్గరే, బిల్లుతో సహా. హైదరాబాద్‌లో అయితే అందరూ ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు వెళ్తారు, అక్కడ దొరకని మోడల్ ఉండదు. బేరం బాగా తెలిసినవాళ్లు వెళ్లవచ్చు. నేను మాత్రం మొదటి యజమానినే వెతుక్కుంటాను. ఫోన్ మీద ఎన్ని పరీక్షల స్టిక్కర్ అంటించి ఉన్నా, కొన్న రోజు బిల్లు చూపించి "ఇదిగో నా పేరు" అనే మనిషికి అది సాటి రాదు. వారంటీ ఇస్తారు కదా అని రీఫర్బిష్డ్ (కంపెనీలు బాగుచేసి మళ్లీ అమ్మే ఫోన్లు) వైపు వెళ్లేవాళ్లున్నారు. ఆరు నెలల వారంటీ కంటే ఒక్క బిల్లు నాకు ఎక్కువ ధైర్యం.

4. లాక్ పరీక్ష: తొందర పడకూడని చోటు

మూడేళ్ల క్రితం మా పిన్నికి ఒక షాపులో ఐఫోన్ కొన్నాను. అంచులు మెరుస్తున్నాయి, తెర మీద "హలో" అని వస్తోంది. "ఫ్రెష్‌గా రీసెట్ చేసి ఇస్తున్నాం సార్, ఇంటికెళ్లి మీ అకౌంట్ పెట్టుకోండి" అన్నారు. డబ్బిచ్చి వచ్చాను. ఇంట్లో వైఫై కలపగానే "ఐఫోన్ లాక్డ్ టు ఓనర్" అని వచ్చి, ఎవరిదో ఈమెయిల్, పాస్‌వర్డ్ అడిగింది. మర్నాడు వెళ్తే వాళ్లకే తెలియదన్నారు. నాలుగుసార్లు తిరిగినా ఇచ్చిన డబ్బులో సగం కూడా రాలేదు. పిన్ని ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది.

హలో తెర కనిపిస్తే ఫోన్ శుభ్రంగా ఉందనుకుంటాం. అక్కడే అందరూ బోల్తా పడుతున్నారు. పాస్‌వర్డ్ తెలియకపోయినా ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి బలవంతంగా రీసెట్ చేయవచ్చు, అప్పుడు కూడా అదే హలో వస్తుంది. లాక్ ఫోన్‌లో ఉండదు, ఆపిల్ సర్వర్‌లో ఉంటుంది. నెట్ తగిలాకే బయటపడుతుంది. ఆండ్రాయిడ్‌లో కూడా ఇదే కథ: అకౌంట్ తీయకుండా బటన్లు నొక్కి రీసెట్ చేస్తే, మళ్లీ సెటప్ చేసేటప్పుడు పాత యజమాని గూగుల్ అకౌంట్ అడుగుతుంది.

కాబట్టి ముందే రీసెట్ చేసి తెచ్చిన ఫోన్ అయితే, హోమ్ స్క్రీన్ చూసేదాకా రూపాయి తీయకండి. అన్నిటికన్నా మంచిది, అమ్మేవాళ్ల అకౌంట్ ఉండగానే ఫోన్ చూడటం. "రీసెట్ చేయకండి, అలాగే తీసుకురండి" అని ఫోన్లోనే చెప్పేస్తాను.

బయల్దేరే ముందే ఇంకో పని. అమ్మేవాళ్ల ఫోన్‌లో *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ (ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య) అడిగి తీసుకోండి. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి. మీ ఫోన్‌లో ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో కేవైఎం (KYM) అని టైప్ చేసి, ఖాళీ వదిలి ఆ నంబర్ కొట్టి 14422కు మెసేజ్ పంపండి. ప్రభుత్వ యాప్ సంచార్ సాథీలో కూడా చూడవచ్చు. కంపెనీ, మోడల్ పేరు జవాబుగా వస్తుంది. బ్లాక్‌లిస్టెడ్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడుకలో ఉందనో వస్తే వెళ్లనే వద్దు. పోయిన ఫోన్‌ను సొంతదారు సీఈఐఆర్‌లో (పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ వ్యవస్థ) బ్లాక్ చేయించాక అందులో ఎవరి సిమ్ పడినా పోలీసులకు తెలుస్తుంది. డబ్బులిచ్చి కొన్నానని మీరు అన్నా ఫోన్ తీసుకెళ్తారు.

మనిషిని కలిశాక చేయాల్సింది ఈ వరుసలోనే. వరుస మార్చకండి.

ముందు మళ్లీ *#06# నొక్కి, ఆ నంబర్‌ను మీకు పంపినదానితో, బిల్లుతో, పెట్టె మీద ఉన్నదానితో అంకె అంకె పోల్చండి. తర్వాత ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో పైన ఉన్న పేరు నొక్కి వాళ్ల చేతనే సైన్ అవుట్ చేయించండి. పాస్‌వర్డ్ అడుగుతుంది, అది వాళ్లకు తెలిసి ఉండాలి. "పాస్‌వర్డ్ మా బావకు తెలుసు, రాత్రికి పంపిస్తా" అంటే ఒప్పుకోకండి. ఆ బావ ఎక్కడున్నా ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి తన అకౌంట్ నుంచి ఈ ఫోన్‌ను తీసేయవచ్చు, అయిదు నిమిషాల పని. అప్పుడే ఫోన్ చేయించండి. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ అకౌంట్, శామ్‌సంగ్‌లో దానితో పాటు శామ్‌సంగ్ అకౌంట్ తీసేయించాలి.

ఆ తర్వాత సెట్టింగ్స్‌లోంచే మొత్తం డేటా చెరిపించండి. ఫోన్ మళ్లీ ఆన్ అయ్యాక సెటప్ మీరు చేయండి, నెట్ మీ హాట్‌స్పాట్ నుంచే ఇవ్వండి. హోమ్ స్క్రీన్ వచ్చేదాకా ప్రతి తెరా దాటాలి. మధ్యలో "తర్వాత చూసుకోవచ్చు సార్, లేటవుతోంది" అంటారు. అనుకోనివ్వండి. టీ తాగుదాం రమ్మని కూర్చోబెట్టండి, నేనదే చేస్తాను.

హోమ్ స్క్రీన్ వచ్చాక కూడా ఒక పది నిమిషాలు నెట్‌లో ఉంచాలి. ఈఎంఐలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో అప్పిచ్చిన కంపెనీ లాక్ ఉండవచ్చు. కిస్తీ ఆగితే ఫోన్ బిగుసుకుపోతుంది. కొన్నిటిలో రీసెట్ చేసినా, నెట్ తగలగానే ఆ యాప్ తనంతట తాను తిరిగి వచ్చి కూర్చుంటుంది. సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ అని ఉంటుంది, అందులో తెలియని పేరు కనిపిస్తే ఫోన్ తిరిగి ఇచ్చేయండి. కిస్తీలన్నీ కట్టేశామంటే అప్పు తీరినట్టు కాగితం చూపించమనండి. ఆఫీసు ఇచ్చిన ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో పైనే, ఈ ఫోన్ ఫలానా సంస్థ అధీనంలో ఉందని రాసి ఉంటుంది. అదీ వద్దు.

5. మిగతా పరీక్షలు

మీ సిమ్ వేసి ఒక కాల్ చేయండి, మాట రెండు వైపులా వినిపించాలి. కెమెరాలు, స్పీకర్, వేలిముద్ర, చార్జింగ్ చూడండి. ఐఫోన్‌లో జనరల్, అబౌట్ లోపల "అన్‌నోన్ పార్ట్" అని ఉంటే తెరో బ్యాటరీయో బయట మార్చారని అర్థం.

చిన్న ఫోన్‌కు బ్యాటరీ చిన్నదే ఉంటుంది. ఎస్‌ఈ 2020లో 1821, 12 మినీలో 2227 ఎంఏహెచ్. బ్యాటరీ హెల్త్ (కొత్తప్పటి సామర్థ్యంలో ఇంకా ఎంత మిగిలిందో చూపే అంకె) 85 శాతం కంటే తక్కువుంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి. వందకు వంద చూపించే పాత ఫోన్ కంటే 82 చూపించేది కొనడమే నాకిష్టం. నాలుగైదేళ్లు వాడిన ఫోన్ వంద చూపిస్తోందంటే బ్యాటరీ మార్చి ఉండాలి, ఎక్కడ మార్చారో అడగాల్సిందే.

6. డబ్బు ఇవ్వడం

నగదు వద్దు, యూపీఐలో పంపండి, ఎవరికి వెళ్లిందో పేరు ఉంటుంది. తెల్లకాగితం మీద ఐఎంఈఐ నంబర్, ధర, తేదీ, అమ్మినవాళ్ల పేరు రాయించి సంతకం తీసుకోండి. అసలు బిల్లు, పెట్టె అడిగి తెచ్చుకోండి. ఎస్‌ఈ 2020, 12 మినీ, 13 మినీలకు లైట్నింగ్ కేబులే (ఆపిల్ పాత చార్జింగ్ కేబుల్), ఇంట్లో ఉన్న టైప్-సీ పనికిరాదు, అదీ అడిగి తీసుకోండి. ఆ కాగితాన్నీ బిల్లునూ ఫొటో తీసి దాచుకుని, బ్యాటరీ హెల్త్ తక్కువుంటే అదే వారంలో మంచి సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్పించేయండి.