కార్క్ చెప్పులను ఇంట్లోనే శుభ్రం చేసుకోవడం ఎలా?

చెప్పులు మురికి పట్టాయంటే మన ఇళ్ళలో చేసే పని ఒకటే: బకెట్‌లో సబ్బు నీళ్ళు పోసి నానబెట్టడం, బ్రష్‌తో గట్టిగా తోమడం, డాబా మీద ఎండలో ఆరేయడం. రబ్బరు చెప్పులకు ఇది చాలు. అడుగున గోధుమరంగు దిమ్మ, పైన బకిల్ పట్టీలు ఉండే కార్క్ చెప్పులకు ఇలా చేస్తే ఆ జత పాడైనట్టే. నీళ్ళ వల్ల పాడయ్యాయని చాలామంది అనుకుంటారు. అసలు ఎక్కువ చేటు చేసేది డాబా మీది ఎండ.

ఎందుకో తెలియాలంటే చెప్పు లోపల ఏముందో చూడాలి. పాదం ఆనేచోట పలచటి స్వేడ్ (పైన మెత్తటి నూగు ఉండే తోలు), దాని కింద జనపనార పొర, ఆ కింద కార్క్ రవ్వను రబ్బరు పాలతో కలిపి అచ్చుపోసిన దిమ్మ, అన్నిటికన్నా అడుగున సోల్ ఉంటాయి. సోల్ చాలావరకు ఈవీఏ అనే తేలికపాటి ప్లాస్టిక్ నురగతో చేసిందే. సీసా బిరడాలకు వాడే సరుకే ఈ కార్క్ కూడా. కార్క్ ఓక్ చెట్టును నరకకుండా దాదాపు తొమ్మిదేళ్ళకోసారి బెరడు ఒలుస్తారు. ప్రపంచంలో దొరికే కార్క్‌లో సుమారు సగం పోర్చుగల్‌దే. ఈ బెరడు నిండా గాలి నింపుకున్న చిన్న చిన్న గదులు ఉంటాయి. వాటి గోడల్లో మైనంలాంటి పదార్థం ఉండటంతో నీళ్ళు తొందరగా లోపలికి పోవు. కాబట్టి తడికి ముందు దెబ్బతినేది కార్క్ కాదు, దాని పైనున్న స్వేడ్, జనపనార, పొరలను కలిపి ఉంచే జిగురు. వేడి మాత్రం దేన్నీ వదలదు. రబ్బరు పాలు పెళుసెక్కుతాయి, జిగురు వదులవుతుంది, ఈవీఏ ముడుచుకుపోతుంది. తక్కువ తడి, నిదానంగా ఆరబెట్టడం. కింద చెప్పేదంతా ఈ రెండింటి చుట్టూనే.

కావలసినవి ఇంట్లో ఉన్నవే: పాత టూత్‌బ్రష్, రెండు మెత్తటి నూలు గుడ్డలు, తినే సోడా, తెల్ల వెనిగర్, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. కార్క్ అంచులకు తడి తగలకుండా పూసే కార్క్ సీలర్ ఒక్కటే కొనాలి, ఆన్‌లైన్‌లో చిన్న సీసాల్లో దొరుకుతుంది. మర్నాడు ఆ చెప్పులతో పని లేని రోజు చూసుకుని మొదలుపెట్టండి.

మొదటి పని: పొడి దుమ్ము దులపడం

బకిల్స్ విప్పి పట్టీలు పైకి ఎత్తండి. రెండు చెప్పులనూ ఒకదానికొకటి తట్టి, సందుల్లోని ఇసుకను పొడి బ్రష్‌తో దులపండి. బురద అంటితే పచ్చిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు, స్వేడ్‌లోకి ఇంకా దిగుతుంది. ఎండిపోయాక పెళ్ళలుగా దానంతటదే రాలుతుంది.

రెండో పని: పాదం ఆనే భాగం

అసలు మురికంతా ఇక్కడే. వేళ్ళు, మడమ ఆనేచోట నల్లటి అచ్చులు పడతాయి. అది చెమట, నూనె, దుమ్ము కలిసి గట్టిపడిన పొర. రెండు చెంచాల తినే సోడాలో చెంచాడు నీళ్ళు పోసి చిక్కటి ముద్ద చేయండి. ముందు మడమ దగ్గర ఓ మూల కొంచెం రాసి, రంగు మారలేదని చూసుకోండి. ఆ తర్వాత టూత్‌బ్రష్‌తో గుండ్రంగా, మెత్తగా రుద్దండి. మరక ఉన్నచోటే రుద్ది వదిలేస్తే ఆరాక దాని చుట్టూ గీతలా ఇంకో మరక తేలుతుంది. అందుకే పాదం ఆనే భాగమంతా సమంగా రుద్దాలి. నీళ్ళు గట్టిగా పిండేసిన తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడవండి. కుళాయి కింద పెట్టాలనిపిస్తుంది, ఆగండి. కొత్తదానిలా మాత్రం అవదు. అచ్చులు లేతబడితే చాలు.

పాదాలకు పసుపు రాసుకునే అలవాటున్న ఇంట్లో ఒక జాగ్రత్త. పసుపుకు సున్నం తగిలితే పారాణి ఎర్రగా అయినట్టే, సోడా తగిలినా పసుపు మరక ఎర్రబారుతుంది. అలాంటి జతకు సోడా వద్దు. వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి గుడ్డతో అద్దండి. మరక మొత్తం పోదు. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని వెలుతురులో కొన్నాళ్ళు ఉంచితే పసుపు రంగు తనంతట తానే వెలిసిపోతుంది.

వాసన ఒక్కటే సమస్యైతే తడి అక్కర్లేదు. రాత్రి పొడి సోడా చల్లి, పొద్దున బ్రష్‌తో దులిపేస్తే సరిపోతుంది. వానాకాలంలో, ముఖ్యంగా సముద్రం దగ్గరి ఊళ్ళలో, బీరువాలో పెట్టిన జతకు బూజు పడుతుంది. దాన్ని ఇంటి బయటే దులపాలి. తర్వాత అదే వెనిగర్ నీళ్ళతో తుడిచి గాలికి పెట్టండి.

మూడో పని: పట్టీలు

నున్నటి తోలుకు తడిగుడ్డ, ఆరాక కాస్త రంగులేని లెదర్ క్రీమ్. స్వేడ్ పట్టీలకు పొడి బ్రష్ మాత్రమే. సింథటిక్ పట్టీలను లిక్విడ్ కలిపిన నీళ్ళతో తుడవొచ్చు. తోలు పట్టీలకు సోడా తగలనీయకండి, తోలు ఎండిపోతుంది.

నాలుగో పని: కార్క్ అంచులు, ఆరబెట్టడం

పక్కల కనిపించే కార్క్‌ను తడిగుడ్డతో తుడిస్తే చాలు. గీకొద్దు, రవ్వ ఊడొస్తుంది. నల్లటి గీతలను స్కూలు పిల్లల రబ్బరుతో చెరిపితే చాలావరకు పోతాయి. థిన్నర్, పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి తేవద్దు, జిగురు కరిగిపోతుంది.

ఇక నీడపట్టున, గాలి ఆడేచోట ఒక పూర్తి రోజు వదిలేయండి. ఫ్యాన్ కింద పెట్టొచ్చు. హెయిర్ డ్రయర్, పొయ్యి పక్క, ఫ్రిజ్ వెనక, బైక్ సైలెన్సర్ మీద (నవ్వకండి, పెట్టేవాళ్ళున్నారు) వద్దు. బాగా తడిస్తే పాత టవల్ ముక్కలు కుక్కండి. న్యూస్‌పేపర్ సిరా లేత రంగు స్వేడ్‌కు అంటుకునే ప్రమాదం ఉంది.

ఐదో పని: సీలర్ పూత

ఈ పని దాటవేసేవాళ్ళే ఎక్కువ. కానీ చెప్పు ఎన్నేళ్ళు ఉంటుందో తేల్చేది ఇదే. కొత్త చెప్పు అంచుకు ఫ్యాక్టరీ పూత సన్నటి మెరుపులా కనిపిస్తుంది. వాడేకొద్దీ అది అరిగి కార్క్ పొడిబారుతుంది. అంచు మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క గుండ్రంగా నిలిస్తే ఇంకా టైముంది. ఇంకిపోయి అక్కడ నల్లబడితే పూత వేయాల్సిందే.

సీలర్ చూడటానికి పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక రంగు లేకుండా పోతుంది. పూర్తిగా ఆరిన కార్క్ మీదే వేయాలి. లోపల తేమ ఉండగా పైన మూసేస్తే ఆ తేమ స్వేడ్ వైపు తిరుగుతుంది. చిన్న బ్రష్‌తో పలచగా ఒక పూత వేసి, అది ఆరాక రెండోది వేయండి. పాదం ఆనే స్వేడ్ మీద, పట్టీల మీద పడకూడదు. పడితే వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి. రాత్రంతా ఆరనివ్వండి. రోజూ తొడిగే జతకు మూడు నాలుగు నెలలకోసారి వేయాలి. జూన్‌లో తొలకరికి ముందు మాత్రం తప్పనిసరి.

సీలర్ బదులు తెల్ల ఫెవికాల్ రాయొచ్చా అని అడుగుతుంటారు. మామూలు ఫెవికాల్ తడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది, పూతగా పనికిరాదు. చిన్న పగుళ్ళు పూడ్చడానికి బాగుంటుంది. పాత సీసా బిరడాను గరుకు కాగితం మీద రుద్ది పొడి తీసి, ఫెవికాల్‌తో కలిపి పగులులో కూరండి. ఆరాక నున్నగా రుద్ది, పైన సీలర్ వేయండి. బొటనవేలు దూరేంత పగులైతే ఈ వైద్యం పనిచేయదు.

రోజువారీ వాడకంలో

మే నెలలో అద్దాలు మూసిన కారు డిక్కీలో, మిట్టమధ్యాహ్నం గుడి బయట ఎండలో ఈ చెప్పులు గంటలకొద్దీ ఉండకూడదు. గుడికి వెళ్ళే రోజు వేరే జత తొడుక్కోవడమే మేలు, దొంగల భయం కూడా ఉండదు. రోజు మార్చి రోజు వేసుకుంటే లోపల చెమట ఆరడానికి వ్యవధి దొరుకుతుంది. వానలో తడిస్తే పూర్తిగా ఆరేదాకా తొడగకండి. తడి కార్క్ దిమ్మ మీద బరువు పడితే ఆకారం చెడుతుంది.

అప్పుడప్పుడు చెప్పును తిరగేసి మడమ వైపు చూడండి. సోల్ అరిగి కార్క్ బయటపడేలోపే కొత్త సోల్ వేయించాలి. కార్క్ కూడా అరగడం మొదలైతే రిపేరు ఖర్చు పెరుగుతుంది. చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే రెండు మాటలు ముందే చెప్పండి: మేకులు కొట్టొద్దు, చుట్టూ కుట్టు వేయొద్దు. మెత్తటి కార్క్‌లో మేకు నిలవదు, నడిచేకొద్దీ పైకొచ్చి పాదానికి గుచ్చుకుంటుంది. పాత సోల్ మొత్తం తీసేసి, సొల్యూషన్ రెండు వైపులా పలచగా రాసి, గట్టిగా అదిమి అతికించమనండి. ఒక రోజు ఆగి తొడుక్కోండి.