జీఆర్‌ఈ పదసంపద – 7వ పాఠం: మాటకారులు, మితభాషులు

గత పాఠంలో డబ్బు ఖర్చుకు సంబంధించిన పదాలు చూశాం. వాటిని మరోసారి చదివి, అర్థం కోసం తడుముకోవలసి వచ్చిన ప్రతి పదం పక్కన ఒక చుక్క పెట్టండి. ఆ తర్వాతే ఈ పాఠంలోకి రండి.

పదాల జాబితాల్లో లొక్వేషస్, గ్యారులస్, వాల్యుబుల్ మూడింటికీ ఎదురుగా సాధారణంగా ‘ఎక్కువగా మాట్లాడే’ అనే ఉంటుంది. వెయ్యి పదాలు బట్టీ పట్టినవారు కూడా పరీక్షలో తడబడేది ఇందువల్లేనని నా గట్టి నమ్మకం. వాచాలుణ్ణీ, వసపిట్టనూ, అనర్గళంగా మాట్లాడేవారినీ తెలుగులో మనం ఒకే గాటన కట్టం. మరి ఇంగ్లీషులో ఎందుకు కట్టాలి?

లొక్వేషస్ అంటే వాచాలత గలవారు. ‘మాట్లాడు’ అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. దాని తోబుట్టువులనూ ఇప్పుడే పట్టుకోండి. వాగ్ధాటి ఉంటే ఎలొక్వెంట్, ఆడంబరంగా మాట్లాడితే గ్రాండిలొక్వెంట్. సర్కమ్‌లొక్యూషన్‌లో ‘సర్కమ్’ అంటే చుట్టూ. విషయం చుట్టూ తిరగడమే తప్ప విషయంలోకి రాకపోవడం, మన డొంకతిరుగుడు.

రైల్లో పక్క సీటులో కూర్చుని, మనవడి అన్నప్రాశన మొదలుకొని మోకాళ్ల నొప్పి దాకా ఆపకుండా చెప్పే పెద్దాయన గ్యారులస్. చిన్నాచితకా విషయాల మీద సాగే మాట అది. వాల్యుబుల్‌లోని ధాతువుకు దొర్లడం అని అర్థం. తెలుగులో ‘అనర్గళం’ అనండి. అర్గళం అంటే తలుపు గడియ. గడియ లేని నోటి నుంచి మాట దొర్లుకుంటూ వస్తుంది.

ఇక రెండో వైపు. టాసిటర్న్ స్వభావాన్ని చెబుతుంది: మితభాషి. రెటిసెంట్ అలా కాదు. మామూలుగా బాగా మాట్లాడేవారు కూడా ఫలానా విషయం దగ్గర నోరు విప్పకపోతే రెటిసెంట్ అవుతారు. లకానిక్ అంటే ముక్తసరి. గ్రీసులో స్పార్టా ఉన్న ప్రాంతం పేరు లకోనియా. ‘మీ దేశంలో అడుగుపెడితే మిమ్మల్ని నేలమట్టం చేస్తాను’ అని మాసిడోనియా రాజు ఫిలిప్ బెదిరిస్తే, స్పార్టా వారు ఒక్క మాటతో జవాబు పంపారట: ‘పెడితే!’ ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ ఈ కథను వాచాలత మీద రాసిన వ్యాసంలోనే చెప్పాడు.

ఇక్వివకేట్ అనే క్రియకు కురుక్షేత్రం కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా, ‘కుంజరః’ అని మెల్లగా పలికిన ధర్మరాజు చేసింది అదే: రెండు అర్థాలకూ సమానంగా తావిచ్చి ఎదుటివారిని పక్కదారి పట్టించడం. ‘ఇక్వి’ అంటే సమానం, ‘వోక్’ అంటే గొంతు. ఈ ‘వోక్’, మన ‘వాక్కు’ ఒకే మూలం నుంచి పుట్టినవి.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆరు పదాల నుంచి, వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండింటిని ఎంచాలి. రెండూ సరిగ్గా ఉంటేనే మార్కు.

‘తన నవలల గురించి గంటల తరబడి మాట్లాడే ఆ రచయిత్రి, బాల్యం ప్రస్తావన వస్తే మాత్రం ______ అయిపోయేది.’

రెటిసెంట్, గ్యారులస్, ఎలొక్వెంట్, గార్డెడ్, వాల్యుబుల్, కాండిడ్.

పదాల వైపు చూడకముందే ఖాళీలో మీ తెలుగు మాట పెట్టండి. ‘మాత్రం’ అన్నది వాక్యాన్ని వెనక్కి తిప్పింది కనుక ‘గుంభనంగా’ అని నేను పెట్టుకుంటాను. అప్పుడు రెటిసెంట్, గార్డెడ్ (ఆచితూచి మాట్లాడే) వాటంతటవే తేలతాయి. కాండిడ్ అంటే మనసు విప్పి మాట్లాడే, కనుక అది కుదరదు. గ్యారులస్, వాల్యుబుల్ కూడా జంటలాగే కనిపిస్తాయి. అది ఉచ్చు. జంటను వెతికేవారు అందులో పడతారు, వాక్యాన్ని చదివేవారు పడరు. టాసిటర్న్ ఇచ్చినా ఇక్కడ నేను తీసుకోను, ఆమె స్వభావం మితభాషణం కాదు కదా. జీఆర్‌ఈలో భాషను పరీక్షించే వెర్బల్ భాగం మొదటి విభాగంలో 12 ప్రశ్నలకు 18 నిమిషాలే ఇస్తారు. అయినా తెలుగు మాట పెట్టుకునే ఆ నాలుగైదు క్షణాలను వదులుకోకండి.

వచ్చే వారానికి పని: స్పెల్లింగులు నిఘంటువులో చూసి నోటుబుక్కులో రాయండి. మీకు తెలిసిన ఆరుగురిని తలచుకుని, ఒక్కొక్కరికి ఈ పాఠంలోని ఒక్కో పదం ఇచ్చి, ఎందుకో తెలుగులో ఒక వాక్యం రాయండి. 8వ పాఠంలో మెచ్చుకోలు, ముఖస్తుతి పదాలు.