రోమన్ రిపబ్లిక్ బుర్రకెక్కాలంటే సిసెరోని పట్టుకోండి

రోమ్ పాఠం అనగానే పిల్లలు ముందు ఒక పిరమిడ్ గీస్తారు. పైన ఇద్దరు కాన్సుల్స్ (ఏడాదికోసారి ఎన్నికయ్యే అత్యున్నత అధికారులు), కింద ప్రేటర్లు (కోర్టులు చూసేవాళ్లు), ఆ కింద క్వెస్టర్లు, ఒక పక్క సెనేట్ (పెద్దల సభ), ఇంకో పక్క ట్రిబ్యూన్లు (సామాన్యుల తరఫున నిలిచే అధికారులు). పరీక్ష అయిన వారానికి అంతా కలగాపులగం. డిగ్రీ క్లాసుల్లో నేను ఆ బొమ్మ గీయించడం ఎప్పుడో మానేశాను. దాని బదులు ఒక మనిషిని పట్టుకుని అతని వెంట నడవమంటాను. ఆ మనిషి రోమన్ వక్త, రాజకీయ నాయకుడు మార్కస్ తుల్లియస్ సిసెరో.

ఆయనంటే నాకు పెద్ద భక్తేమీ లేదు. సొంత డబ్బా చాలా ఎక్కువ. కానీ ఊరు కాని ఊరి నుంచి వచ్చి ఒక్కో మెట్టూ ఎక్కినవాడు, ఎక్కిన ప్రతి మెట్టు గురించీ రాసుకున్నవాడు. ఆయన ఉత్తరప్రత్యుత్తరాలు దాదాపు 900 ఇప్పటికీ మిగిలాయి. మన పనికి అంతకంటే ఏం కావాలి?

ముందు ఒక లాంగ్ నోట్‌బుక్, మధ్యధరా సముద్రం మొత్తం కనిపించే మ్యాప్ ప్రింటవుట్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ప్రతి పేజీ పైన సంవత్సరం, పక్కనే వయసు రాయండి. సిసెరో పుట్టింది క్రీ.పూ. 106 జనవరి 3న. క్రీ.పూ. సంవత్సరాలు వెనక్కి నడుస్తాయి కాబట్టి, 106లోంచి ఆ సంవత్సరాన్ని తీసేస్తే వయసు వచ్చేస్తుంది. ఇక ప్రతి మజిలీలో మూడే ప్రశ్నలు. ఇప్పుడు ఎక్కడున్నాడు? అక్కడికి ఎవరు పంపారు? చుట్టూ ఎవరున్నారు? మొదటిది భూగోళం, రెండోది ప్రభుత్వం, మూడోది సమాజం. మూడింటికీ వేరే నోట్సు అక్కర్లేదు.

మొదటి పేజీ అర్పినమ్. రోమ్‌కి ఆగ్నేయంగా సుమారు 100 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి నల్గొండంత దూరం. మ్యాప్‌లో చుక్క పెట్టండి. ఈ కొండ ఊరివాళ్లకు ఓటుతో సహా పూర్తి రోమన్ పౌరసత్వం క్రీ.పూ. 188లోనే దక్కింది. ఇటలీలో చాలా ఊళ్లు దానికోసం క్రీ.పూ. 91లో యుద్ధానికే దిగాల్సి వచ్చింది. సిసెరో కుటుంబం ఈక్వెస్ట్రియన్ వర్గం. డబ్బుంది, భూములున్నాయి, కానీ వంశంలో ఒక్కరూ సెనేట్ మొహం చూడలేదు. అలాంటివాణ్ని రోమన్లు ‘కొత్త మనిషి’ అనేవారు. మెచ్చుకోలుగా కాదు లెండి.

రెండో పేజీ క్రీ.పూ. 75, వయసు 31, సిసిలీ పశ్చిమ కొసన లిలిబేయమ్, ఇప్పటి మర్సాలా. ఇప్పుడు ఆయన క్వెస్టర్, అంటే ఖజానా లెక్కలు చూసే అధికారి. అప్పటికి ఏటా 20 మంది క్వెస్టర్లను ప్రజలు ఎన్నుకుంటున్నారు. అంతకు కొన్నేళ్ల ముందు రోమ్ నియంత సుల్లా తెచ్చిన మార్పుతో, క్వెస్టర్ అయితే చాలు, జీవితాంతం సెనేట్‌లో సీటు ఖాయం. సెనేట్‌కి విడిగా ఎన్నికల్లేవన్న సంగతి ఇక్కడ పట్టుబడుతుంది. సిసిలీ ఎందుకు అంత ముఖ్యం అంటే, గోధుమ. రోమ్ నగరం కడుపు నింపేది ఆ ద్వీపమే. ఆ ఏడు రోమ్‌లో కరువు వస్తే సిసెరో అక్కడి నుంచి బోలెడు ధాన్యం పంపాడు.

ఇక్కడ కాసేపు ఆగండి. ఆ పదవి ముగించుకుని వస్తూ సిసెరో నేపుల్స్ దగ్గర పుతియోలి రేవులో దిగాడు. సీజన్‌లో పెద్దవాళ్లంతా అక్కడే ఉంటారు. రోమ్ మొత్తం తన గురించే మాట్లాడుకుంటోందని ఈయన నమ్మకం. తీరా చూస్తే ఒకాయన ఎదురొచ్చి, రోమ్‌లో ఎప్పుడు బయల్దేరారు, విశేషాలేమిటి అని అడిగాడు. నా ప్రావిన్స్ నుంచి వస్తున్నానంటే, అవునవును, ఆఫ్రికా కదూ అన్నాడు. ఒళ్లు మండి, కాదు సిసిలీ అన్నాడు సిసెరో. పక్కనున్న ఇంకో సర్వజ్ఞుడు కలగజేసుకుని, నీకు తెలీదా, ఈయన సిరక్యూస్‌లో క్వెస్టర్ అన్నాడు. అదీ తప్పే! సిరక్యూస్ ద్వీపానికి అవతలి కొస. ఈ కథ ఇరవై ఏళ్ల తర్వాత కోర్టులో సిసెరో తానే చెప్పుకున్నాడు. రోమ్ జనానికి చెవులు మందం, కళ్లు చురుకు అని తెలుసుకుని, ఆనాటి నుంచి రోజూ ఫోరమ్‌లో, అంటే రోమ్ నడిబొడ్డు కూడలిలో, వాళ్ల కళ్ల ముందే తిరిగాడట.

దీన్ని నోట్సులో భూగోళం కింద రాయండి. సామ్రాజ్యం ఎంత పెరిగినా ఓటు వేయాలంటే మనిషి రోమ్‌కి రావాల్సిందే. ఊళ్లల్లో పోలింగ్ బూతులు లేవు. రాజకీయమంతా ఫోరమ్ చుట్టూ నడిచి తిరగ్గలిగినంత మేరలోనే.

ఈడైల్ (నగర వ్యవహారాలు, ఆటలు చూసే అధికారి), ప్రేటర్ పదవుల్ని గబగబా దాటేయవచ్చు: క్రీ.పూ. 69, 66. మూడో పేజీ తెరవాల్సింది కాన్సుల్ ఎన్నిక దగ్గర. కనీస వయసు 42. క్రీ.పూ. 63 జనవరి 1న ఆయన పదవి చేపట్టేటప్పటికి 43 నిండడానికి ఇంకా రెండు రోజులుంది. అంటే అర్హత వచ్చిన తొలి ఏడాదే కొట్టాడు.

ఈ పేజీలో లెక్క చేయకుండా ముందుకు పోకండి. కాన్సుల్స్‌ని ఎన్నుకునే సభలో మనిషికో ఓటు కాదు, బృందానికో ఓటు. మొత్తం 193 బృందాలు. గెలవడానికి 97 చాలు. ఈక్వెస్ట్రియన్లకు 18, ఆస్తిలో మొదటి తరగతికి 70. కలిపితే 88. ఇంకో తొమ్మిది దొరికితే ఆట అయిపోయినట్టే, ఆ తర్వాత ఓటింగే ఆపేస్తారు. ఆస్తిలేని పేదలందరికీ కలిపి ఒకే ఒక్క బృందం, అదీ చివర్న. చాలాసార్లు వాళ్ల వంతే వచ్చేది కాదు. రిపబ్లిక్ అంటే ప్రజాస్వామ్యమేనా అని పరీక్షలో అడిగితే, ఈ లెక్క వేసి చూపించండి, సగం జవాబు అదే.

ట్రిబ్యూన్ల సంగతి క్రీ.పూ. 58 పేజీలో తెలుస్తుంది. కాన్సుల్‌గా ఉండగా సిసెరో, ప్రభుత్వాన్ని కూల్చాలని చూసిన కాటిలైన్ అనే నాయకుడి కుట్రదారులు ఐదుగుర్ని విచారణ లేకుండా చంపించాడు. క్లోడియస్ అనే ఆయన శత్రువు ట్రిబ్యూన్ కావాలనుకున్నాడు. కానీ ఆ పదవి ప్లీబియన్లకే (సామాన్య వంశాలవాళ్లకే), ఇతను పుట్టుకతో పాట్రీషియన్ (పాత కులీన వంశంవాడు). ఏం చేశాడో తెలుసా? తనకంటే చిన్నవాడైన ఒక ప్లీబియన్‌కు దత్తత వెళ్లాడు! కొడుకు కంటే తండ్రి చిన్న. గెలిచి, పౌరుల్ని విచారణ లేకుండా చంపించినవాళ్లకు ప్రవాసమే గతి అని చట్టం పెట్టించాడు. సిసెరో గ్రీసు వైపు వెళ్లిపోయాడు, రోమ్‌లో ఆయన ఇల్లు కూల్చేశారు. పాట్రీషియన్, ప్లీబియన్ తేడా అప్పటికి డబ్బున్నవాడు, లేనివాడు అనే తేడా కాదని ఈ ఒక్క కథతో అర్థమవుతుంది. క్రీ.పూ. 57లో ఆయన్ని తిరిగి పిలిపించారు.

తర్వాతి చుక్క చాలా దూరం. క్రీ.పూ. 51, సిలీషియా, ఇప్పటి టర్కీ దక్షిణ తీరం. సిసెరోకి వెళ్లడం ఇష్టం లేదు, కానీ కొత్త చట్టం ప్రకారం వెళ్లక తప్పలేదు. అక్కడ గవర్నర్ అంటే సైన్యం, కోర్టు, పన్నులు అన్నీ ఆయన చేతిలోనే. ఈ టైమ్‌లో కైలియస్ అనే కుర్ర మిత్రుడు రోమ్ నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు. ఈడైల్‌గా జనానికి ఆటలు జరపాలి, చిరుతపులులు పట్టి పంపించమని. ఆటల్లో అదరగొడితే తర్వాతి ఎన్నికలో ఓట్లు. సిసెరో జవాబు చూడండి: పులులు కరువయ్యాయి, ఉన్నవి కూడా నా ప్రావిన్స్‌లో తమకు తప్ప ఇంకెవరికీ ఉచ్చులు లేవని అలిగి పక్క రాష్ట్రానికి వలసపోదామనుకుంటున్నాయట. ఎన్నికల ఖర్చు ప్రావిన్స్ నెత్తిన ఎలా పడేదో ఈ ఉత్తరంలో ఉంది.

‘చుట్టూ ఎవరున్నారు?’ అనే మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఇంట్లోకి కూడా తొంగి చూడండి. భార్య టెరెన్షియా పెద్ద కట్నంతో వచ్చింది, ఆస్తి ఆమె పేరనే, వ్యవహారాలు స్వయంగా చూసుకునేది. ఓటు మాత్రం లేదు. కూతురి పేరు తుల్లియా, తండ్రి వంశం పేరే. కార్యదర్శి టీరో బానిస. క్రీ.పూ. 53లో విడుదల చేస్తే మార్కస్ తుల్లియస్ టీరో అయ్యాడు, రోమన్ పౌరుడూ అయ్యాడు. పౌరుడు బానిసను పద్ధతి ప్రకారం విడిపిస్తే పౌరసత్వం వచ్చేది. గ్రీకు నగరాల్లో ఇలా ఉండేది కాదు.

ఒక హెచ్చరిక. ఈ నోట్సు సుల్లా తర్వాతి రోజులకే పనికొస్తుంది. క్రీ.పూ. 43 డిసెంబర్ 7న ఆయన రాజకీయ శత్రువు ఆంటోనీ మనుషులు ఫోర్మియే దగ్గర సిసెరోని చంపారు. క్రీ.పూ. 27 నుంచి తొలి చక్రవర్తి అగస్టస్ కాలం. పదవుల పేర్లు అవే ఉంటాయి, పని మారిపోతుంది. అందుకే కొత్త నోట్‌బుక్ తీసి, చిన్న ప్లినీతో మొదలుపెట్టండి. క్రీ.శ. 110 ప్రాంతంలో ఈయన కూడా టర్కీ వైపే, బిథీనియాకి గవర్నర్‌గా వెళ్లాడు. నికోమీడియాలో పెద్ద అగ్నిప్రమాదం జరిగితే, 150 మందితో అగ్నిమాపక దళం పెట్టుకోవచ్చా అని చక్రవర్తి ట్రాజన్‌ని అడిగాడు. ఏ పేరు పెట్టినా అలాంటి సంఘాలు రాజకీయ ముఠాలైపోతాయి, సామాను సిద్ధంగా ఉంచి, ఇళ్ల యజమానుల్నే మంటలార్పుకోమను అని జవాబొచ్చింది. ‘ఎవరు పంపారు?’ అన్న ప్రశ్న కింద ఈసారి ఎన్ని పేర్లు రాయాల్సి వస్తుందో చూడండి.