శరీరంలోని 32 భాగాలను ధ్యానించే పద్ధతి

బౌద్ధంలో శ్రామణేర దీక్ష (భిక్షువు కావడానికి ముందు తీసుకునే తొలి దీక్ష) ఇచ్చేటప్పుడు ఆచార్యుడు కొత్త శిష్యుడిచేత ‘కేసా, లోమా, నఖా, దంతా, తచో’ అనే అయిదు పాళీ మాటలను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చెప్పిస్తాడు. తల వెంట్రుకలు, ఒంటి రోమాలు, గోళ్లు, పళ్లు, చర్మం అన్నవి ఆ అయిదు. శరీరాన్ని 32 భాగాలుగా చూసే ధ్యానంలో ఇవే మొదటివి. ఎదుటి మనిషిలో మనం అందమని మురిసిపోయేది దాదాపుగా వీటినే కాబట్టి, ఇంట్లో ఉండి సాధన చేసేవారు కూడా ఇక్కడే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

మొదట పైకి వల్లె వేయాలి. 5వ శతాబ్దంలో అనురాధపురంలో బుద్ధఘోషుడు రచించిన విసుద్ధిమగ్గం అనే ధ్యాన గ్రంథం, మరీ వేగంగానూ మరీ నెమ్మదిగానూ కాకుండా చదవమంటుంది. నోటికి వచ్చిన తరువాత మనసులో చెప్పుకుంటూ ఒక్కో భాగపు రంగు, ఆకారం, అది నాభికి పైన ఉందా కింద ఉందా అన్నది, దాని స్థానం, దాని సరిహద్దు పరిశీలించాలి. తలపై ముచ్చటగా కనిపించే వెంట్రుకే గంజిలో కనిపిస్తే ఎందుకు రోత పుడుతుందో ఆలోచించమని ఆ గ్రంథమే సూచిస్తుంది. ఈ అయిదూ కుదిరాక మాంసం, స్నాయువులు, ఎముకలు, మజ్జ, మూత్రపిండాలు, ఆపై 32లో మిగిలిన భాగాల వర్గాలు చేర్చుకోవాలి. స్పష్టంగా తోచని భాగాలను క్రమంగా వదిలేస్తూ, చివరకు బాగా తోచిన ఒక్కదాని మీదే మనసు నిలపాలి.

బుద్ధుడి బోధల్లో ఒకటైన సతిపట్ఠాన సుత్తం ఈ పరిశీలనను, రెండు మూతులున్న ధాన్యపు సంచి విప్పి ఇవి వడ్లు, ఇవి పెసలు, ఇవి నువ్వులు అని గుర్తించడంతో పోల్చింది. ధాన్యం ఏరే మనిషికి పెసల మీద ద్వేషం ఉండదు. సాధకుడి చూపు కూడా అలాగే ఉండాలి. గోరు పెరగడం, వెంట్రుక రాలడం, చర్మం ముడత పడడం గమనిస్తూ, పుట్టినది నశిస్తోందని చూస్తే, ‘ఇది నాది’ అన్న పట్టు తనంతట తానే సడలుతుంది. వైరాగ్యమంటే ఆ సడలింపే గాని శరీరాన్ని హింసించడం కాదు.

ఈ జాగ్రత్తను తేలికగా తీసుకోకూడదు. వైశాలిలో కొందరు భిక్షువులు అశుభ భావన (శరీరంలోని అసహ్యకరమైన అంశాలను ధ్యానించడం) చేస్తూ శరీరంపై అసహ్యం పెంచుకుని ప్రాణాలు తీసుకున్నారనీ, అది తెలిసిన బుద్ధుడు మిగిలినవారికి ఆనాపానసతి (శ్వాసను గమనించే ధ్యానం) బోధించాడనీ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకం చెబుతుంది. కనుక మనసు కుంగినట్టు అనిపిస్తే ఈ ధ్యానాన్ని వెంటనే ఆపి శ్వాస మీదికి మరలాలి. ఇప్పటికే దిగులుతో బాధపడుతున్నవారు అనుభవజ్ఞుడైన గురువు తోడు లేకుండా దీన్ని మొదలుపెట్టకూడదు.